ఈసీజీ నార్మల్, అయినా బస్సెక్కలేడు: ఒక పానిక్ డిజార్డర్ కేసు

యాంగ్జైటీతో మా దగ్గరికి వచ్చేవాళ్లు అప్పటికే చాలా ప్రయత్నించి ఉంటారు. ప్రాణాయామం నేర్చుకుంటారు, టీ మానేస్తారు, నీళ్ల సీసా లేకుండా గడప దాటరు, ఎవరో ఒకరు తోడు లేనిదే బయటికి కదలరు. ఇన్ని చేస్తున్నా తగ్గట్లేదంటే ఇంకేదో కొత్త చిట్కా కావాలని వాళ్లూ అనుకుంటారు, ఇంట్లోవాళ్లూ అనుకుంటారు. ఈ కేసులో మాత్రం ఆయన ఇప్పటికే చేస్తున్నవాటిలో ఏది ఎందుకు చేస్తున్నారో ఒక్కొక్కటీ విడదీసి చూశాకే దారి దొరికింది. విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తూ ఇలాంటివాళ్లను తరచుగా చూస్తుంటాను. ఈయన అనుమతితోనే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టకుండా ఉద్యోగం, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

నలభైకి దగ్గరపడుతున్న మనిషి. గాజువాక వైపు ఒక పరిశ్రమలో షిఫ్ట్ డ్యూటీ. ఇంట్లో భార్య, స్కూలుకెళ్లే కొడుకు, తల్లి. ఈయన ఇంటర్ చదువుతున్నప్పుడు తండ్రి గుండెపోటుతో పోయారు, అదీ ఇంట్లోనే, ఆటో వచ్చేలోపే. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. ఈ సంగతి కేసు మొత్తం మీద పరుచుకుని ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మొదటిసారి అటాక్ వచ్చింది ఎండాకాలంలో. నైట్ డ్యూటీ దిగి, సరిగ్గా నిద్రపోకుండా, ఏమీ తినకుండా, స్ట్రాంగ్ టీల మీద టీలు తాగి, బంధువులింట్లో ఫంక్షన్‌కి మద్దిలపాలెం వెళ్దామని బస్సెక్కారు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. నిలబడ్డానికే చోటు లేదు, దానికితోడు ఉక్కపోత. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి, వేళ్లకు తిమ్మిర్లు ఎక్కాయి, ఊపిరి అందట్లేదనిపించింది, చుట్టూ ఉన్నవన్నీ ఏదో సినిమాలో చూస్తున్నట్టు దూరంగా అయిపోయాయి. "అయిపోయింది మేడమ్, నాన్నకి వచ్చిందే నాకూ వచ్చిందనుకున్నాను" అన్నారు.

తోటి ప్రయాణికులు దింపి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, అన్నీ నార్మల్. "ఏం లేదు, గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ పడకండి" అని పంపించేశారు. అక్కడివాళ్లు చేసిన పరీక్షల్లో లోపం లేదు. ఛాతీలో ఇబ్బందితో వచ్చిన మనిషికి ముందు గుండె చూడాలి, చూశారు. ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అదొక్కటే చెప్పలేదు: గుండెకు ఏమీ కాకపోతే మరి ఆ పావుగంట ఏం జరిగింది? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఇంటికెళ్లిన మనిషి తనే ఒక జవాబు తయారు చేసుకుంటాడు. ఈయన తయారు చేసుకున్నది ఇదీ: "గుండెలో ఏదో ఉంది, మెషీన్‌కి అందట్లేదు."

మా దగ్గరికి వచ్చినప్పుడు

మొదటి అటాక్‌కూ మా దగ్గరికి రావడానికీ మధ్య ఏడాది దాటింది. వచ్చింది కూడా భార్య తీసుకొస్తే. చేతిలో లావుపాటి ఫైలు: ఈసీజీలు, ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్, థైరాయిడ్, షుగర్, ఎండోస్కోపీ. డ్యూటీకి బస్సు మానేసి కొలీగ్ బండి మీద వెళ్తున్నారు, ఆ కొలీగ్ సెలవు పెడితే ఈయనా సెలవే. సినిమా హాలుకి వెళ్లరు, సింహాచలంలో దర్శనం క్యూలో నిలబడరు, ఆర్‌కే బీచ్‌కి వెళ్లినా కారు పార్కింగ్ దగ్గరే ఉండిపోతారు. కొడుకు అరకు రైల్లో వెళ్దామని అడిగిన ప్రతిసారీ ఏదో సాకు. ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వస్తే పక్కింటివాళ్లు ఉన్నారో లేదో ముందు చూసుకుంటారు.

ఇక్కడ కాస్త ఆగి కొన్ని ప్రాథమిక సంగతులు చెప్పాలి, ఎందుకంటే యాంగ్జైటీ అనే ఒక్క మాటతో అందరూ అన్నింటినీ కలిపేస్తారు.

ఎదురుగా పాము ఉంటే కలిగేది భయం. రేపు ఏమవుతుందో అని లోపల నలిగిపోవడం ఆందోళన. రెండూ మామూలు మనుషులకు ఉండాల్సినవే, పరీక్ష ముందు కొంచెం టెన్షన్ లేకపోతే చదవం కూడా. ఆ ఆందోళన ఉన్న ప్రమాదానికి మించిపోయి, నెలల తరబడి వదలకుండా, ఉద్యోగం, ఇల్లు, రాకపోకలు దెబ్బతీస్తుంటే అప్పుడు డిజార్డర్ అంటాం. అందులోనూ రకాలున్నాయి. ఆరు నెలలకు పైగా డబ్బు, పిల్లలు, ఆరోగ్యం, ఉద్యోగం ఇలా అన్నిటి గురించీ ఆగకుండా ఆందోళన పడేది జనరలైజ్డ్ యాంగ్జైటీ. నలుగురూ నన్ను చూసి ఏమనుకుంటారో అనేది సోషల్ యాంగ్జైటీ. కుక్క, ఎత్తు, ఇంజెక్షన్ లాంటి ఒక్కదాని మీదే ఉండేది ఫోబియా. ఓసీడీ (వదలని ఆలోచనలు, మళ్లీ మళ్లీ చేసే పనులు), పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత వదలని బాధ), ఈ రెండింటినీ ఒకప్పుడు ఈ కుటుంబంలోనే లెక్కపెట్టేవాళ్లు, 2013లో వచ్చిన, మానసిక జబ్బులకు అమెరికా సైకియాట్రిస్టుల ప్రామాణిక జాబితా అయిన డీఎస్‌ఎం-5లో వాటిని విడి అధ్యాయాల్లో పెట్టారు.

పానిక్ అటాక్ అంటే కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరే భయపు ఉప్పెన. డీఎస్‌ఎం-5 జాబితాలో 13 లక్షణాలున్నాయి, గుండె దడ, చెమట, వణుకు, ఊపిరాడకపోవడం, తల తిరగడం, తిమ్మిర్లు, చచ్చిపోతానన్న భయం, పిచ్చెక్కుతుందన్న భయం ఇలాంటివి, వాటిలో కనీసం 4 ఉండాలి. ఒక్కసారి అటాక్ వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. అకారణంగా మళ్లీ మళ్లీ వస్తూ, కనీసం నెల రోజులు "మళ్లీ వస్తుందేమో" అన్న బెంగలో మనిషి బతికినా, దానికోసం తన పద్ధతులే మార్చేసుకున్నా అప్పుడు పానిక్ డిజార్డర్. బస్సులు, గుంపులూ క్యూలూ, మూసి ఉన్న చోట్లు, విశాలమైన బహిరంగ స్థలాలు, ఇంటి బయట ఒంటరిగా ఉండటం, ఈ ఐదింటిలో రెండైనా "అక్కడ ఏమన్నా అయితే బయటపడలేను" అనే భయంతో తప్పించుకుంటూ, అది ఆరు నెలలు దాటితే అగోరాఫోబియా. ఈయనకు రెండూ ఉన్నాయి.

ఆ నిర్ణయానికి రావడం చెప్పినంత తేలిక కాదు. ఆరోగ్యం గురించి విపరీతంగా బెంగపడే ఇల్‌నెస్ యాంగ్జైటీ అనుకోవడానికి ఆ ఫైలు ఒక్కటి చాలు. అడుగుతూ పోతే తేలింది ఏంటంటే, ఈయన రోజూ జబ్బుల గురించి ఆలోచించరు. అటాక్ వచ్చినప్పుడు, వస్తుందేమో అనిపించినప్పుడు మాత్రమే గుండె మీదికి పోతారు. తండ్రి చావు కళ్లముందు చూశారు కాబట్టి పీటీఎస్‌డీ కూడా అడిగాను. పీడకలలు లేవు, ఆ దృశ్యం బలవంతంగా కళ్లముందుకు రావడం లేదు. డిప్రెషన్, చనిపోవాలన్న ఆలోచనలు, మద్యం అలవాటు ఇవన్నీ విడివిడిగా అడిగాను. మద్యం ఉంది, సెలవురోజున నిద్ర కోసం. మర్నాడు పొద్దున్న దడ ఎక్కువగా ఉంటోందని ఆయనకే గుర్తొచ్చింది.

కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు ఉంది కాబట్టి కార్డియాలజిస్టుకి ఒక ఉత్తరం రాసి, ఈయన మెట్లెక్కొచ్చా, పరిగెత్తొచ్చా, కావాలని ఊపిరి వేగంగా తీసుకోవచ్చా అని రాతపూర్వకంగా అడిగాను. చెయ్యొచ్చని జవాబు వచ్చింది. మళ్లీ కొత్త పరీక్షలు వద్దని కూడా అందులోనే ఉంది. చికిత్సలో ముందు ముందు గుండె వేగం పెంచే పనులు చేయించబోతున్నాను, ఆ సమయంలో ఆయనకు గానీ నాకు గానీ మనసులో సందేహం ఉండకూడదు.

అప్పటిదాకా చేసినవి

ఈ జాబితా రాసుకోవడానికే చాలాసేపు పట్టింది, ఎందుకంటే వాటిలో సగం ఆయనకు "చేస్తున్న పనులు"గా తోచలేదు.

దగ్గర్లోని డాక్టరు ఆందోళన తగ్గించే అల్ప్రజోలం మాత్ర రాశారు, అవసరమైతే వేసుకోమని. క్రమంగా అవసరం ఎక్కువైంది. ఒక సైకియాట్రిస్టు దగ్గరికి కూడా వెళ్లారు, ఆయన ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (డిప్రెషన్‌కూ ఆందోళనకూ రోజూ వేసుకునే ఒక రకం మందు) మొదలుపెట్టారు. మొదటి రోజుల్లోనే గాబరా పెరిగినట్టుండి ఈయనే ఆపేశారు. పానిక్ ఉన్నవాళ్లలో ఈ మందులు మొదట్లో కొంత అలజడి పెంచొచ్చు, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మాట ముందుగా మనసుకెక్కకపోతే మందు మానేయడం సహజం. యూట్యూబ్ చూసి అనులోమ విలోమం నేర్చుకున్నారు. తల్లి దిష్టి తీయించింది, చేతికి తాడు కట్టించింది. భార్య గంటకోసారి ఫోన్ చేసి "ఏమండీ, ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతుంది, రాత్రిపూట ఆయన అడిగితే నాడి చూసి "ఏం కాదండీ, బాగానే ఉంది" అంటుంది. ఆమె గొంతులో ఎంత అలసట ఉందో ఆ రోజు విన్నాను. ఆమె లేకపోతే ఈయన ఉద్యోగం ఏనాడో పోయేది.

ఎందుకు తగ్గట్లేదు

దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడేది సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పిన నమూనా. ఒంట్లో చిన్న మార్పు వస్తుంది, నిద్రలేమి వల్లో, టీ వల్లో, ఎండ వల్లో. మనసు దానికి ఘోరమైన అర్థం చెబుతుంది: గుండెపోటు. ఆ అర్థానికి భయం పుడుతుంది, భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, అది చూసి అర్థం మరింత గట్టిపడుతుంది. చుట్టూ తిరిగి తిరిగి నిమిషాల్లో ఉప్పెనవుతుంది. మన పోర్టులో ప్రమాద సూచికలు ఎగరేస్తారు కదా, ఈయన ఒంట్లో కాస్త గాలి వీచినా నేరుగా పదో నంబరు ఎగిరిపోతోంది అని చెబితే వెంటనే పట్టుకున్నారు. సూచిక ఎగరేసే వ్యవస్థ మంచిదే, అది పనిచేస్తోంది కూడా, లెక్కే తప్పుతోంది.

గుండెకు రోగం లేకుండా గుండె రోగం లాంటి బాధ కొత్త విషయమేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు ఛాతీ నొప్పి, దడ, ఆయాసంతో వస్తే పరీక్షించిన డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే దాని గురించి రాశాడు. ప్రమాదం కనిపిస్తే ఒళ్లు పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. ఇవి ఆయనకు చెప్పడానికి కారణం ఉంది. "నా ఒక్కడికే ఇలా" అన్న భావన ఆయనలో చాలా లోతుగా ఉంది, నూటయాభై ఏళ్ల కిందటి సైనికుల మాట వినగానే ముఖంలో ఏదో సడలింది.

మరి ఏడాదిపాటు అటాకులు వచ్చి, ఒక్కసారీ ఏమీ కాలేదు కదా, అయినా భయం ఎందుకు పోలేదు? ఏ చికిత్సకైనా అసలు ప్రశ్న ఇదే. తప్పించుకోగానే వచ్చే ఉపశమనమే తప్పించుకునే అలవాటును బలపరుస్తుందని మౌరర్ అనే సైకాలజిస్టు 1947లో చెప్పాడు. 1990ల మొదట్లో మరో సైకాలజిస్టు పాల్ సాల్కోవ్‌స్కిస్ దానికి ఇంకో మెలిక చూపించాడు: మనిషి పారిపోకుండా అక్కడే ఉన్నా, తనను కాపాడుతోందని నమ్మే చిన్న చిన్న పనులు చేస్తుంటే, ఏమీ కాకపోవడానికి కారణం ఆ పనులే అనుకుంటాడు. "మాత్ర వేసుకున్నాను కాబట్టి బతికాను." "మా ఆవిడ ఫోన్లో ఉంది కాబట్టి తట్టుకున్నాను." ఇలా ప్రతి అటాకూ ఒక తప్పిన గండంగా లెక్కలో చేరుతుంది. ఎన్ని గండాలు తప్పితే అంత భయం.

అల్ప్రజోలం లెక్క చూడండి. అటాక్ మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్లి, అక్కడినుంచి దానంతటదే దిగుతుంది. మింగిన మాత్ర రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఈయనకు మాత్ర మింగిన ఐదు నిమిషాల్లో తగ్గేది! ఆ ఐదు నిమిషాల్లో మందు ఇంకా కడుపులోనే ఉంది. దిగుతున్న అటాక్ దిగింది, పేరు మాత్రకు వచ్చింది. ఇది కాగితం మీద గీసి చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మొదట ఏం చేశాం

మందుల సంగతి ముందు తేల్చాలి. నేను మందులు రాయను, సైకియాట్రిస్టు దగ్గరికి మళ్లీ పంపాను, ఈసారి కలిసి మాట్లాడుకుని పంపాను. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మొదటి వారాల్లో అలజడి ఉండొచ్చని ఇద్దరం విడివిడిగా చెప్పాం. అల్ప్రజోలం ఒక్కసారిగా ఆపవద్దని గట్టిగా చెప్పాం. అలవాటు పడిన ఒంటికి దాన్ని హఠాత్తుగా ఆపితే ఆందోళన రెట్టింపై తిరగబడుతుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఎంతెంత తగ్గించాలో సైకియాట్రిస్టే నిర్ణయించారు.

తర్వాత క్లినిక్‌లోనే కుర్చీలో కూర్చోబెట్టి నిమిషం పైగా వేగంగా, లోతుగా ఊపిరి తీయించాను, నేనూ ఆయనతోపాటే తీశాను. వేళ్లు తిమ్మిరెక్కాయి, తల తేలిపోయింది, దడ వచ్చింది. "ఇదే మేడమ్! ఆ రోజు బస్సులో వచ్చింది ఇదే!" అన్నారు. మాటలతో వంద చెప్పినా రాని అవగాహన అప్పుడు వచ్చింది. అతిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు కొంచెం కుంచించుకుంటాయి, అందుకే తల తిరగడం, తిమ్మిర్లు. ఊపిరి అందట్లేదని అనిపిస్తున్న ఆ సమయంలో నిజానికి అవసరానికి మించి గాలి తీసుకుంటున్నాం. పడిపోతానన్న భయం గురించి కూడా మాట్లాడాం. మనిషి స్పృహ తప్పాలంటే మామూలుగా బీపీ పడిపోవాలి, పానిక్‌లో గుండె వేగంతోపాటు బీపీ పెరుగుతుంది. రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయే ఫోబియా దీనికి మినహాయింపు, దాని దారి వేరు.

ఆ తర్వాత ఎక్స్‌పోజర్ మొదలైంది, అంటే తప్పించుకుంటున్నవాటిలోకి ఒక వరుసలో అడుగుపెట్టడం. ముందు ఖాళీ బస్సులో ఒకటి రెండు స్టాపులు, తర్వాత గాజువాక నుంచి ఎన్‌ఏడీ దాకా, తర్వాత రద్దీ వేళ మద్దిలపాలెం దాకా. మనిషి చాలా నిజాయితీగా చేశారు, ఒక్క రోజూ ఎగ్గొట్టలేదు.

ఎక్కడ ఆగిపోయింది

వారాలు గడిచాయి, బస్సెక్కుతున్నారు, దిగుతున్నారు, భయం మాత్రం అంగుళం కదల్లేదు. పుస్తకాల ప్రకారం ఇంత అభ్యాసం చేస్తే తగ్గాలి. ఇలాంటి చోట రెండు దార్లుంటాయి. ఇంకా ఎక్కువ చేయించడం ఒకటి, చేస్తున్నదాన్ని దగ్గరనుంచి చూడటం ఇంకొకటి. మనిషి మనస్ఫూర్తిగా చేస్తున్నప్పుడు మోతాదు పెంచితే విసిగి మానేస్తాడు, అందుకని రెండోది ఎంచుకున్నాను. బస్సెక్కిన క్షణం నుంచి దిగేదాకా నిమిషం నిమిషం చెప్పించుకున్నాను: ఎక్కడ కూర్చున్నారు, చేతులు ఎక్కడున్నాయి, కళ్లు ఎటు చూస్తున్నాయి, మనసులో ఏమనుకుంటున్నారు.

అప్పుడు బయటపడింది. ఎప్పుడూ తలుపు దగ్గర సీటు. ఎడమ చేయి జేబులో, మాత్రల స్ట్రిప్ పిడికిట్లో. ఫోన్‌లో భార్య నంబరు తెరిచి ఉంచుతారు. కుడిచేతి వేలు మణికట్టు మీద, నాడి లెక్కపెడుతూ. దారిపొడవునా ఆస్పత్రులు లెక్కపెడుతూ వెళ్తారు, ఇది దాటితే తర్వాతది ఎంత దూరం అని. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఏ ఆస్పత్రి ఏ పక్కన ఉందో, క్యాజువాలిటీ గేటు ఎటువైపో ఆయనకు కంఠస్థం. అంటే మనిషి బస్సులో లేరు, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి వెళ్తున్నారు, అంతే. ఇన్నిసార్లు వెళ్లొచ్చినా ఆయన నేర్చుకున్నది "నాకు ఏమీ కాదు" అని కాదు, "ఇవన్నీ దగ్గర పెట్టుకుంటే ఏమీ కాదు" అని.

ఏది పనిచేసింది

జాబితా మళ్లీ రాశాం, ఈసారి ప్రతిదాని ఎదురుగా ఒకే ప్రశ్న: ఇది మీ దగ్గర లేకపోతే ఏం జరుగుతుందని అనుకుంటున్నారు?

జవాబులు ఆసక్తిగా ఉన్నాయి. నీళ్ల సీసా లేకపోతే? "ఏముంది, దాహమేస్తుంది." విశాఖ ఉక్కపోతలో సీసా పట్టుకెళ్లని మనిషెవరు, అది ఉండనీ అన్నాను. అయితే గొంతు పట్టేసిందేమో చూసుకోవడానికి గుక్క గుక్క తాగడం ఒకటుంది, దాన్ని ఆపాలి. చేతికి కట్టిన తాడు? "అమ్మ కట్టింది, ఉంటుంది. అటాక్ వచ్చినప్పుడు అది గుర్తు కూడా రాదు." దాని జోలికి పోలేదు. ఆమె ప్రేమ అది, పైగా భయాన్ని మోస్తున్న వస్తువు కాదు. ప్రాణాయామం పొద్దున్న ఇంట్లో చేస్తే హాయిగా ఉంటోంది, ఉంచుకోమన్నాను. అదే ప్రాణాయామం బస్సులో దడ రాగానే "దీన్ని ఆపకపోతే చస్తాను" అని చేస్తే అది పిడికిట్లో మాత్రకు తోబుట్టువు. ఒకే పని, రెండు చోట్ల రెండు అర్థాలు. ఈ తేడా పట్టించుకోకుండా "ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అని అందరికీ ఒకే సలహా ఇస్తే కొందరికి మేలు, కొందరికి గొలుసులో ఇంకో లంకె.

మాత్రల స్ట్రిప్, నాడి, తలుపు సీటు, ఆస్పత్రుల లెక్క, ఫోన్ ఈ ఐదూ మిగిలాయి. అన్నీ ఒకేసారి లాగెయ్యలేదు, ఏది ముందు వదలాలో ఆయన్నే ఎంచుకోమన్నాను. నాడి ముందు వదిలారు. స్ట్రిప్ అన్నిటికన్నా ఆఖర్న, ముందు బ్యాగులోకి, తర్వాత ఇంట్లో అల్మారాలోకి. దీనికి సైకియాట్రిస్టు తగ్గిస్తున్న మోతాదుతో పొత్తు కుదరాలి కాబట్టి అడిగి అడిగి నడిచాం.

ప్రయాణాల తీరు కూడా మార్చాం. మొదట "భయం తగ్గేదాకా బస్సులో ఉండండి" అన్నది లక్ష్యం. ఆ లక్ష్యం ఉన్నంతసేపూ ఆయన భయం తగ్గిందా లేదా అని చూసుకుంటూ కూర్చునేవారు, అది కూడా ఒక తనిఖీయే. సైకాలజిస్టు మిషెల్ క్రాస్కే, సహచరులు 2014లో రాసిన పద్ధతి ఇక్కడ బాగా పనికొచ్చింది: భయం తగ్గడం కన్నా, భయపడింది జరగలేదని మెదడు ఆశ్చర్యపోవడం ముఖ్యం. అందుకని ఒక చీటీ. బస్సెక్కేముందు: ఏం జరుగుతుందని అనుకుంటున్నాను, నూటికి ఎంత నమ్మకం. దిగాక: ఏం జరిగింది. ఒక చీటీలో "తలుపు దూరంగా కూర్చుని, నాడి చూడకుండా ఉంటే ఎన్‌ఏడీ దాటేలోపు గుండె ఆగుతుంది, నమ్మకం 80" అని ఉంది. దిగాక రాసింది: "దడ బాగా వచ్చింది. ఆగలేదు. కండక్టర్‌తో చిల్లర గురించి మాట్లాడాను."

దీనితోపాటు దడను కావాలని తెప్పించుకునే అభ్యాసం. కుర్చీలో గిరగిరా తిరగడం, సన్నని స్ట్రాతో ఊపిరి తీయడం, మెట్లు పరిగెత్తి ఎక్కడం. ఇంటి మెట్లు చాలవని ఆయనే ఒక మాట అన్నారు: "సింహాచలం మెట్ల దారిలో ఎక్కితే?" నాకు అంతకన్నా మంచి ఆలోచన తట్టేది కాదు. తండ్రి పోయినప్పటినుంచీ గుండె వేగంగా కొట్టుకునే పని దేన్నీ ఆయన ఇష్టంగా చేయలేదు. కొండ ఎక్కుతుంటే ప్రతి మనిషికీ దడ వస్తుంది, ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది, పక్కన ఎక్కుతున్న ముసలావిడకూ వస్తుంది. అదే దడ బస్సులో వస్తే చావు, కొండ మీద వస్తే భక్తి ఎలా అయింది? ఆ ప్రశ్న ఆయనే వేసుకున్నారు, నేను అడగలేదు.

భార్యతో పని విడిగా చేయాల్సి వచ్చింది. "ఏం కాదండీ" అనడం మానేయమంటే ఆమెకు కోపం వచ్చింది, న్యాయమే. భర్త చచ్చిపోతానంటుంటే ఊరుకోమంటారా అంది. "ఏం కాదు" అన్న మాట పావుగంట పనిచేస్తుంది, తర్వాత మళ్లీ అడగాల్సొస్తుంది, ఆ అడగడం రోజురోజుకీ పెరుగుతోందా లేదా అని అడిగాను. పెరుగుతోంది. అయితే పక్కన ఉండటం మానక్కర్లేదు, తీర్పు చెప్పడం మానితే చాలు అనుకున్నాం. కొత్త మాట ఆమే కనిపెట్టింది: "ఇది ముందు కూడా వచ్చింది కదండీ, నేనిక్కడే ఉన్నాను, ఏమవుతుందో చూద్దాం." నాడి చూడదు. గంటకో ఫోన్ ఆపి, డ్యూటీకి వెళ్లాక ఒకటే ఫోన్, అదీ కూర ఏం వండాలి లాంటి సంగతులకు. మొదటి వారం ఇద్దరికీ కష్టమైంది, తర్వాత నిద్ర పట్టడం మొదలైంది, ముందు ఆమెకు.

నిద్ర, టీ, మద్యం గురించి కూడా మాట్లాడాం, కానీ జాగ్రత్తగా. "టీ తాగితే అటాక్ వస్తుంది" అనేది ఇంకో భయంగా మారకూడదు. నైట్ డ్యూటీ తర్వాత ఖాళీ కడుపుతో టీలు తాగితే ఎవరికైనా దడ వస్తుంది, తగ్గించుకోవడం మంచిది, ఒకరోజు తాగినా కొంప మునగదు. మద్యం మాత్రం మానమన్నాను, అల్ప్రజోలంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

నేర్చుకున్నవి, రాసుకున్నవి

తోటి కౌన్సెలర్లకు ఒక మాట. ఎక్స్‌పోజర్ చేస్తున్నా కదలిక లేకపోతే మనిషిలో పట్టుదల లేదనుకునే ముందు, ఆ ప్రయాణం మొత్తం నిమిషం నిమిషం చెప్పించుకోండి. చేతులు ఎక్కడున్నాయో అడగండి. ఈ కేసులో కేసు తిరిగింది ఆ ఒక్క సంభాషణ దగ్గరే.

డాక్టర్లకు ఇంకో మాట, వినయంగానే. పరీక్షలన్నీ బాగున్నప్పుడు "ఏం లేదు" బదులు "మీకు వచ్చింది నిజమే, దాని పేరు ఇదీ, దానికి చికిత్స ఉంది" అంటే ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, కొందరికి ఒక ఏడాది మిగులుతుంది. అదేవిధంగా చదువుతున్నవాళ్లు ఎవరైనా, మొదటిసారి ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఇది పానిక్ అయ్యుంటుందని ఇంట్లో కూర్చోవద్దు. ముందు గుండె చూపించుకోవాలి. పానిక్ అనే నిర్ధారణ ఆ తర్వాతే. ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్లకు 14416 నంబరులో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక ఆయన సంగతి. అల్ప్రజోలం పూర్తిగా ఆగింది, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ కొనసాగుతోంది, ఎప్పుడు తగ్గించాలో సైకియాట్రిస్టు చూస్తున్నారు. డ్యూటీకి బస్సులోనే వెళ్తున్నారు. అరకు రైలెక్కారు, కొడుకుతో, దారిలో యాభైకి పైగా సొరంగాలు. ఒక పొడుగాటి సొరంగంలో అటాక్ వచ్చింది, దిగడానికి లేదు, మాత్ర లేదు, భార్య వేరే సీట్లో ఉంది. వచ్చింది, ఉంది, పోయింది, కొడుకుకి తెలియలేదు. మధ్యలో ఒకసారి వరుస నైట్ డ్యూటీల తర్వాత మళ్లీ మొదలై, ఆయన పాత అలవాటుగా ఈసీజీకి బయల్దేరి, సగం దారిలో చీటీ రాసుకుని వెనక్కి వచ్చారు, అది ఫోన్ చేసి చెప్పారు. ఇంకా మిగిలినవి ఉన్నాయి. తండ్రి పోయిన వయసు దాటేదాకా ఈ బెంగ పూర్తిగా పోదేమో అని ఆయనే అంటున్నారు, దాని గురించి ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. అది పానిక్ కాదు, ఇన్నేళ్లూ పక్కన పెట్టిన దుఃఖం. దానికి చీటీలు పనికిరావు, అందుకే సిట్టింగ్‌లు ఇంకా ఆపలేదు.